నిలిచియున్న బండి ఇంజనులో వేగపు హెచ్చుతగ్గులు: కారణములు, నివారణోపాయములు

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము ప్రాంతపు పల్లెలనుండి తెల్లవారకమునుపే కూరగాయల బుట్టలు, పాలడబ్బాలు పికప్ ట్రక్కులలో హైదరాబాదు నగరమునకు తరలిపోవుచుండును. ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిని నేడు ఈ చిన్న ట్రక్కు చేయుచున్నది. పంచాయతీలకు సైతము సొంత యంత్రములు ఏర్పడినవి. 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమముతో తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూరినవి. చెత్త తరలించుటకును, మొక్కలకు నీరు పోయుటకును ఇవియే ఆధారము. వీని డీజిలు ఖర్చు, మరమ్మతు ఖర్చు పంచాయతి నిధినుండియే చెల్లింపవలసియున్నది. కావున యంత్రపు సుస్తీని గూర్చి సభ్యులు కొంత తెలిసికొనుట అవసరము. తరచుగా కనబడు ఒక లోపమును ఇక్కడ వివరించుచున్నాము.

లోపము ఎట్లు తెలియును?

బండిని నిలిపి, గేరు తీసి, యాక్సిలరేటరుపై కాలు మోపకున్నను ఇంజను ఒకే వేగమున తిరుగుచుండవలెను. చిన్న డీజిలు బండ్లలో ఈ వేగము సాధారణముగా నిమిషమునకు 700 నుండి 900 చుట్ల వరకు ఉండును. కొన్ని ఇంజనులలో ఈ శబ్దము ఒకమారు హెచ్చి, మరల తగ్గి, ఆగిపోవునేమో యనిపించి తిరిగి లేచును. మెకానిక్కులు దీనిని హంటింగ్ అందురు.

అయితే ప్రతి మార్పును లోపము కాదు. చలి వేళ మొదట కొంత హెచ్చుగా తిరిగి, వేడెక్కిన పిదప కుదుటపడుట సహజము. ఏ.సి. వేసినపుడు క్షణకాలము వేగము మారుటయు సహజమే. వేడెక్కిన పిమ్మట కూడ ఊగులాట మానకున్నచో దానిని లోపముగా ఎంచవలెను.

గవర్నరు చేయు పని

డీజిలు ఇంజనులో వేగమును అదుపులో ఉంచు భాగమునకు గవర్నరు అని పేరు. జేమ్స్ వాట్ 1788లో ఇట్టి సాధనమును ఆవిరి యంత్రమునకు అమర్చెను. అది ఎప్పుడు స్థిరముగా పనిచేయునో, ఎప్పుడు ఊగులాడునో 1868లో మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు గణితముతో నిరూపించెను.

దీనిని మన చెరువులతో పోల్చి చూడవచ్చును. కుతుబ్‌షాహీల కాలమునాటి ఇబ్రహీంపట్నము పెద్దచెరువు వంటి చెరువుల క్రింద సేద్యము చేసినవారికి నీరటి పని తెలియును. పొలములలో నీరు తగ్గినచో అతడు తూము ఎత్తును, హెచ్చినచో దించును. కాలువలో పూడిక పేరుకొని నీరు సరిగా సాగనిచో చివరి మడి ఎండును. అది చూచి నీరటి తూమును మిక్కిలిగా ఎత్తును. పూడిక తొలగి నీరు ఒక్కమారుగా పారి మడులు మునుగును. వెంటనే అతడు తూమును మిక్కిలిగా దించును. ఇందు నీరటి దోషము లేదు, దోషము కాలువది. ఇంజను ఊగులాడునపుడు కూడ గవర్నరు చాలమారులు తన పని తాను చేయుచునేయుండును. డీజిలు వచ్చు త్రోవను ముందు పరీక్షింపవలెను.

ముఖ్య కారణములు

ఒకటి: డీజిలులో గాలి చేరుట. డీజిలును నొక్కినను దాదాపు కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. పంపు నొక్కుడు గాలిబుడగను అణచుటకే సరిపోయి, ఇంజనునకు డీజిలు తగ్గును. వేగము పడిపోవును. గవర్నరు డీజిలు హెచ్చించును. బుడగ దాటగానే వేగము ఎగయును. ట్యాంకునుండి ఫీడ్ పంపు వరకు గల గొట్టము డీజిలును పీల్చు గొట్టము. అందు సన్నని చీలిక యున్నచో డీజిలు వెలుపలికి కారకయే గాలి లోపలికి పోవచ్చును. కావున గొట్టము పైకి పొడిగానున్నదని నమ్మరాదు. గొట్టములను, బిగింపులను, రాగి వాషర్లను పరీక్షింపవలెను.

రెండు: ఫిల్టరులో చెత్త, నీరు చేరుట. ఫిల్టరు అడుగున మర యున్నచో ఇంజను ఆపి, కొంత డీజిలును గాజుసీసాలోనికి దింపి చూడవలెను. నీరు బరువైనది గావున అడుగున వేరుగా నిలుచును.

మూడు: నాజిళ్ళు అరుగుట లేక మసి పట్టుట. ఒక సిలిండరునకు డీజిలు తక్కువయైనచో ఇంజను వణకును. పొగ నల్లగానో తెల్లగానో రావచ్చును.

నాలుగు: గవర్నరు భాగములు అరిగి బిగుసుకొనుట. దీనిని పంపు బాగుచేయు నిపుణుడే చూడవలెను.

కొత్త బండ్లలో ఈ పనిని కంప్యూటరు చేయుచున్నది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను బి.ఎస్.-6 ప్రమాణములు అమలునకు వచ్చినవి. ఇట్టి బండ్లలో సెన్సార్లు, పొగను కొంత తిరిగి ఇంజనులోనికి పంపు వాల్వు కూడ కారణము కావచ్చును. పెట్రోలు బండ్లలో గాలి గొట్టపు చీలిక, థ్రాటిల్‌కు పట్టిన మసి సామాన్య కారణములు.

చేయరాని పనులు

స్లో స్క్రూ త్రిప్పి వేగము పెంచినచో ఊగులాట వినబడకపోవచ్చును. కాని లోపము తీరదు, డీజిలు వృథా యగును. దాగిన లోపముతో బండి వాలుపై బరువుతో దిగునపుడు ఇంజను ఆగిపోయినచో ప్రాణాపాయము. పికప్ ట్రక్కులలో బ్రేకునకు, స్టీరింగునకు కలుగు సాయము ఇంజనుతోపాటే తగ్గిపోవును. పెడలును ఎంతో బలముగా తొక్కవలసివచ్చును.

కొత్త ఇంజనులలో పంపునుండి నాజిళ్ళకు పోవు గొట్టములను సొంతముగా విప్పరాదు. అందలి ఒత్తిడితో చిమ్మిన డీజిలు చర్మమును చొచ్చుకొనిపోగలదు. మూసియున్న షెడ్డులో ఇంజను నడిపి పరీక్షింపరాదు. పొగలోని విషవాయువు ప్రాణములు తీయును.

పంచాయతి చేయవలసినది

ప్రతి వాహనమునకు ఒక పుస్తకము ఉంచి, పోసిన డీజిలు, నడచిన గంటలు, ఫిల్టరు మార్చిన తేదీ వ్రాయింపవలెను. ఫిల్టరును తయారీదారు సూచించిన గడువున మార్పవలెను. డీజిలును శుభ్రమైన పాత్రలోనే తేవలెను.

మరమ్మతు బిల్లు సమావేశమునకు వచ్చినపుడు సభ్యులు వరుసగా అడుగవలెను: గాలి తీసినారా? గొట్టములు చూచినారా? ఫిల్టరులో నీరు కనబడినదా? నాజిళ్ళను పరీక్షించినారా? ఇవి తేలిన పిదపనే పంపు విప్పుటకు అనుమతి ఈయవలెను. మార్చిన పాత భాగములను పంచాయతి కార్యాలయమునకు తెప్పించుకొనవలెను. ఫిల్టరు వెల స్వల్పము. పంపు మరమ్మతు వెల దానికి ఎన్నో రెట్లు. ట్రాక్టరు మూలపడినన్నాళ్ళు వీధిలో చెత్త పేరుకొనును, మొక్కలు ఎండును. కాలువ చూడక నీరటిని నిందింపరాదు. సభ్యులు ఈ క్రమమును పాటించినచో గ్రామ నిధియు, గ్రామసేవయు నిలుచును.