టైలుకు దాహం ఎంత?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పాత పెంకుటిళ్ళు చూశారా? ఎర్రని పెంకు మీద తొలకరి చినుకు పడగానే ఇంకిపోతుంది. అదే చినుకు కొత్త ఇంటి నున్నని టైలు మీద పడితే అలాగే నిలిచి ఉంటుంది. రెండూ మట్టిని కాల్చి చేసినవే కదా! మరి ఈ తేడా ఎందుకు?

కాల్చిన మట్టిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. దీపపు వత్తిలోకి నూనె పాకినట్లే వాటిలోకి నీరు పాకుతుంది. దీనినే కేశనాళికీయత అంటారు. బాగా ఎక్కువ వేడిలో కాల్చితే మట్టిలోని కొన్ని ఖనిజాలు కరిగి, గాజులా మారి ఆ రంధ్రాలను పూడ్చేస్తాయి. విట్రిఫైడ్ టైల్స్ అలా తయారైనవే.

ఈ దాహాన్ని మీరే కొలవవచ్చు. బాగా ఎండిన పెంకు ముక్కను తూచండి. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. 500 గ్రాముల ముక్క 580 గ్రాములు అయిందనుకుందాం. తాగిన నీరు 80 గ్రాములు, అంటే 16 శాతం. విట్రిఫైడ్ టైలు తాగేది 0.5 శాతం మించదు. గోడ టైలు సాధారణంగా 10 శాతం పైనే తాగుతుంది.

కోనసీమ గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న నేల. చాలాచోట్ల భూగర్భజలం పైపైనే ఉంటుంది. తీరం వైపు అది ఉప్పన కూడా. నేలకు దాహం ఎక్కువున్న టైలు వేస్తే ఆ చెమ్మ పైకి పాకుతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు స్ఫటికాలు రంధ్రాల్లో పెరిగి టైలును పొరలుగా రాల్చేస్తాయి. అందుకే నేలకు దాహం తక్కువ టైలు మేలు. అయితే అతుకుల్లోంచీ గోడల్లోంచీ చెమ్మ ఎక్కుతుంది కాబట్టి, పునాది మీద చెమ్మను ఆపే పొర కూడా ఉండాలి.

మేస్త్రీ గోడ టైల్స్‌ను ముందుగా నీళ్ళ తొట్టిలో నానబెడతాడు. ఎందుకో తెలుసా? పొడిగా అంటిస్తే అవి సిమెంటులోని నీటిని పీల్చేస్తాయి. సిమెంటు గట్టిపడటానికి ఆ నీరే ఆధారం!

ఇంకొక్క మాట. నీరు తాగని టైలు అంటే జారని టైలు అని కాదు. నున్నని టైలు మీద నిలిచిన నీటి పొర కాలికీ టైలుకూ మధ్య ఘర్షణను తగ్గిస్తుంది. స్నానాల గదిలో, వాన జల్లు పడే వరండాలో గరుకు టైలే వేయాలి. మెరుపు చూసి కొంటే తాతయ్యో, అమ్మమ్మో జారిపడి తుంటి ఎముక విరగవచ్చు.

మీ ఇంట్లో టైల్స్ కొనేటప్పుడు మీరూ వెళ్ళండి. నమూనా ముక్క అడిగి, తడిపి, వేలితో రుద్ది చూడండి. ఆ తర్వాతే రంగు సంగతి!