అలల వంటి ఇల్లు

బాలబాలికలారా! ఒక ఇంటి బొమ్మను గీయుడని చెప్పినచో మీరేమి గీయుదురు? నలుచదరపు గోడ, నడుమ తలుపు, దాని కిరుప్రక్కల రెండు కిటికీలు, పైని త్రికోణపు కప్పు. ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పితిని; ఇంతకు భిన్నముగా గీసిన పిల్లవానిని ఒక్కనినైనను చూచి యెరుగను. ఇల్లనగా ఇట్లే యుండవలెనని మన కన్ను ముందుగానే నిశ్చయించుకొన్నది. అట్లుండని ఇల్లు ఎదుటపడినపుడు నవ్వు వచ్చును. ఒక్కొక్కప్పుడు కోపమును వచ్చును. స్పెయిను దేశమున, మధ్యధరా సముద్రతీరమందలి బార్సిలోనా నగరములో ఒక ఇల్లు ఈ నవ్వును, ఈ కోపమును గూడ చవిచూచినది.

దానిని నిర్మించినవాడు ఆంటోనీ గౌడీ అను వాస్తుశిల్పి. అతడు 1852వ సంవత్సరమున జన్మించెను. తండ్రి కంచరి. బల్లపరుపుగా నుండు రాగిరేకు సుత్తిదెబ్బలకు మెల్లమెల్లగా వంగి, కడుపుగల పాత్రగా మారుటను గౌడీ చిన్ననాటనే చూచెను. వస్తువుల ఆకృతిని మనసులో ఊహించుకొను శక్తి తనకు కంచరి వంశమునుండియే వచ్చినదని అతడు చెప్పుకొనెడివాడు.

పెరె మిలా అను ధనవంతుడును, అతని భార్య రోసెర్ సెగిమోన్ అను నామెయు నగరములోని మిక్కిలి ఖరీదైన వీథియందు తమకొక గొప్ప భవనమును కట్టుమని గౌడీని కోరిరి. 1906లో పని ప్రారంభమై 1912 నాటికి ముగిసెను. ఆ భవనపు ముఖభాగమున సరళరేఖ కానరాదు. రాతిగోడ సముద్రపు అలవలె పొంగుచు, తగ్గుచు, వీథిమూల చుట్టి పోవును. వసారాల ముందరి ఇనుప కటకటాలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నాచుతీగలవలె మెలికలు తిరిగియుండును. మిద్దెపైని పొగగొట్టములు శిరస్త్రాణములు ధరించిన భటులవలె నిలిచియుండును.

చూడవచ్చినవారు నోళ్లు తెరచిరి, పిమ్మట నవ్విరి. దానికి 'లా పెద్రేరా' యని పేరు పెట్టిరి. వారి భాషలో ఆ మాటకు రాతిగని యని అర్థము. ఒక హాస్యపత్రిక ఆ ఇంటిని వాయునౌకలు నిలుపు కొట్టముగా బొమ్మ వేసెను. తమ స్థలముల వెల పడిపోవునని ఇరుగుపొరుగువారు మిలాను పలుకరించుట మానిరని చెప్పుదురు. మరియొక కథ కలదు. ఆ ఇంట కాపురమునకు వచ్చిన ఒక స్త్రీ, గోడలన్నియు వంకరగా నున్నవి, పియానో నెచ్చట పెట్టుకొందునని అడుగగా, గౌడీ ఫిడేలు నేర్చుకొమ్మని సలహా యిచ్చెనట. ఇది నిజమో కట్టుకథయో గాని, అతని స్వభావమునకు తగినట్లే యున్నది.

నవ్వినవారందరును తెలివిమాలినవారని తలపకుడు. వంపుగోడకు బీరువాను ఆనించినచో వెనుక చంద్రవంకవంటి సందు మిగులును. ఆ సందులో దుమ్ము చేరును. దానిని ఊడ్చువారికి శిల్పకళ గుర్తుకు రాదు గదా! ఇంటి యజమానుని కష్టము అంతకంటె పెద్దది. ఒక స్తంభము అడుగుభాగము నడకబాట మీదికి వచ్చినదని నగరపాలకులు ఆక్షేపించిరి. భవనము అనుమతించిన ఎత్తును మించినదని లక్ష పెసెటాల జరిమానా అడిగిరి. తుదకు 1909లో, ఇది సాధారణమైన ఇల్లు కాదు, స్మారకకట్టడముతో సమానము గనుక నియమములు దీనికి వర్తింపవని తీర్మానించిరి. ఆ గండము గడచునప్పటికి ప్రతిఫలము విషయమై మిలాకును గౌడీకిని తగవు వచ్చెను. న్యాయస్థానము గౌడీ పక్షమున తీర్పు చెప్పెను. ఆ సొమ్మును అతడు ధర్మకార్యములకు ఇచ్చివేసెనందురు. స్నేహము మాత్రము మరల అతుకలేదు. ఈ ఇంటి తరువాత గౌడీ పరుల నివాసగృహములు కట్టలేదు. శేషజీవితమును సగ్రాద ఫమీలియా దేవాలయమునకే అర్పించెను. 1926లో ట్రాముబండి క్రింద పడి అతడు మరణించిన పిదప, రోసెర్ తన గదులలోని అతని అలంకారములను చాలవరకు తీసివేయించి, పాతపద్ధతి సామగ్రి నమర్చుకొనెను. ఆమెకు ఆ ఇల్లు ఎన్నడును నచ్చలేదట!

ఇక, వీథిలో నిలిచి నవ్వినవారికి కనబడని సంగతి చెప్పెదను. మీరొక త్రాడును రెండు చేతులతో రెండు కొనలు పట్టుకొని వ్రేలాడనిండు. అది తనంతట తానే ఒక వంపు తిరుగును. ఆ త్రాటిలో ప్రతిభాగమును ప్రక్కభాగమును లాగుటయే గాని, వంచుట లేదు. ఆ వంపునే తలక్రిందు చేసి ఇటుకలతో కట్టినచో, లాగుటకు మారుగా ప్రతి ఇటుకయు ప్రక్కయిటుకను నొక్కును. లాగినచో ఇటుకకట్టడము విడిపోవును గాని, నొక్కినచో చక్కగా ఓర్చును. కనుక పలుచని ఇటుక కమాను సయితము బరువు నిలుపగలదు. గౌడీ బార్సిలోనా సమీపమున మరియొక దేవాలయమును తలపెట్టినపుడు దారములకు సీసపుగుండ్ల సంచులు కట్టి వ్రేలాడదీసి, ఆ యాకారమును తలక్రిందుగా చూచి కట్టడపురూపును నిర్ణయించెను. మిలా భవనపు మిద్దె క్రింద, బట్టలు ఉతికి ఆరవేయుటకై ఉద్దేశించిన అటకలో, ఇట్టి ఇటుక కమానులు 270 కలవు. కట్టడపు వెడల్పు మారినకొలది కమాను ఎత్తును మారెను. మిద్దె ఎగుడుదిగుడుగా నుండుటకు కారణ మిదియే. జనులు పిచ్చియని తలచినది లెక్క!

ముందరి రాతిగోడ సంగతియు అట్టిదే. పై అంతస్తుల బరువును అది మోయదు. స్తంభములును ఇనుపదూలములును మోయును. కనుకనే లోపలి అడ్డుగోడలను అవసరమునుబట్టి తీసి మరియొకచోట పెట్టుకొనవచ్చును. పియానో పట్టదని నవ్వినవారికి ఈ సౌకర్యము తోచలేదు.

పిమ్మట చాలకాలము ఆ ఇంటిని ఆదరించువారు తగ్గిరి. గోడలు మసిబారెను. 1950 దాటిన తరువాత ఆ అటకలో చిన్న చిన్న వాటాలు కట్టి అద్దెకిచ్చిరి. కమానులు వాటి మరుగున పడెను. 1984లో యునెస్కో సంస్థ ఆ భవనమును ప్రపంచవారసత్వ కట్టడములలో చేర్చెను. అనంతరము మసి కడిగించి, అటకలోని వాటాలను తొలగించి, కమానులను మరల వెలికి తెచ్చిరి. నేడు దేశదేశములవారు టిక్కెట్టు కొని ఆ మిద్దె నెక్కుచున్నారు. ఇంటి అసలు పేరు కాసా మిలా, అనగా మిలావారి ఇల్లు. ఊరివారు మాత్రము ఆ పేరున పిలుచుట తక్కువ. తాతలు వెక్కిరింతగా పెట్టిన పెద్రేరా యను పేరుననే, ఇప్పుడు కొంత గర్వముగా, పిలుచుచున్నారు.