కూలీ తగ్గించాలా?

ప్రశ్న: మంగళగిరిలో నూలు ఇచ్చి చీరలు నేయిస్తున్నాను. నేతన్నలకు మంచి కూలీ దక్కాలనే మొదలుపెట్టాను. బొటిక్‌లు నెలల తరబడి డబ్బు ఆపుతున్నాయి. కూలీ తగ్గించక తప్పదా?

జవాబు: తగ్గించకండమ్మా. మీ నష్టం కూలీలో లేదు, అరువులో ఉంది. బకాయి అడగడానికి మీరు మొహమాటపడితే ఆ భారం మగ్గం మీదివాళ్లే మోస్తారు. తయారీదారుగా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో వెంటనే నమోదు కండి; సరుకు పంపకముందే ఆ నమోదు ఉండటం ముఖ్యం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు మించకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. బిల్లు మీదే ఈ మాట రాయండి. ధర కట్టేటప్పుడు మీ జీతం కూడా కలపండి. మంచి మనసున్నవాళ్లు మొదట వదిలేసేది అదే. కొత్త బొటిక్‌కైతే సగం అడ్వాన్సు అందాకే చీరలు పంపండి.