పెద్దవారి కోసం ఇల్లు కట్టేముందు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు డిశ్చార్జి రోజున అడిగిన మొదటి మాట, "మళ్లీ తోటలోకి ఎప్పుడు వెళ్లవచ్చండీ?" అని. ఆయన కుమారుడి ప్రశ్న వేరు. "ఊళ్లో ఇల్లు అమ్మేసి నాన్నగారిని హైదరాబాదు తీసుకెళ్లిపోతే నయమేమో కదండీ?"

ఆయన పడింది తోటలో కాదు. రాత్రి చీకట్లో బాత్రూముకు వెళ్తూ, గడప తట్టుకుని, తడిసిన నున్నటి టైల్సు మీద పడ్డారు. అంటే తప్పు పల్లెది కాదు, మొక్కలదీ కాదు, ఇంటిది.

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చాలా కుటుంబాలు ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉన్నాయి. ఉద్యోగం అయిపోయింది, పిల్లలు దూరాన ఉన్నారు, కాస్త స్థలం కొని మొక్కలు పెంచుకుంటూ, పక్షులను చూసుకుంటూ ఉందామని. ఆ కోరిక ఆరోగ్యానికి మంచిదే. అరవై అయిదు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కేలా కదలాలని, వారంలో మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే శక్తినీ కండబలాన్నీ పెంచే పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాదులు చేయడం, నీళ్లు మోయడం, చెరువుగట్టు మీద నడవడం ఈ లెక్కలోకి వస్తాయి. వ్యాయామం చేయమంటే మొహం చిట్లించే పెద్దాయన కూడా బీరపాదుకు పందిరి వేయమంటే గంటసేపు వంగి లేస్తారు.

స్థలం ఎక్కడ?

మన ప్రాంతం రెండు రకాలు. తాడేపల్లిగూడెం దాటి పైకి వెళ్తే మెట్ట, కిందికి దిగితే డెల్టా, ఇంకా దిగితే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులన్నీ కొల్లేటిలో కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అందుకే వాన పైన పడినా నీరు ఇక్కడ నిలుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కూడా చివరికి చేరింది కొల్లేటికే. ఆ రోజుల్లో లంక గ్రామాల దారులు మునిగాయి.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. +5 కాంటూరు హద్దుగా సుమారు 308 చదరపు కిలోమీటర్లు అందులోకి వచ్చాయి. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో హద్దు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది. కాబట్టి ఎవరైనా "సరస్సు పక్కనే, చవగ్గా" అని స్థలం చూపిస్తే ముందు ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోండి. రిటైర్‌మెంటు డబ్బు మొత్తం అక్కడ పోసి తరువాత కోర్టుల చుట్టూ తిరగడం పెద్ద వయసులో ఎవరికీ తగదు. అక్కడ భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి ఇంట్లో తాగే నీరు ఎక్కడినుంచి వస్తుందన్నది ఇంటి ప్లాను కంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

పక్షుల మీద ప్రేమ ఉంటే చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్లి గూడబాతులను చూసి రావచ్చు. అందుకోసం ఇల్లే నీటి ఒడ్డున ఉండాలని లేదు.

బేస్‌మెంటు ఎత్తు, మోకాళ్ల నొప్పి

మన ప్రాంతంలో పెద్దవారి ఇంటికి వచ్చే అసలు చిక్కు ఇది. పల్లపు నేలలో మేస్త్రి బేస్‌మెంటు మూడడుగులు లేపాలంటాడు. వరద చూసినవాడు కనుక అతని మాట నిజమే. కానీ మూడడుగులంటే ఆరు మెట్లు. మోకాళ్లు అరిగిన అమ్మగారికి ఆరు మెట్లు దిగడం రోజూ ఒక పరీక్ష. మొదట రోజుకు నాలుగుసార్లు దిగుతారు, తరువాత ఒకసారి, ఆ పైన మంచం మీదినుంచి కిటికీలో మొక్కలు చూస్తారు.

మెట్లకు బదులు ర్యాంపు వేస్తే? ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. మూడడుగుల బేస్‌మెంటుకు ముప్ఫయ్యారు అడుగులు, మధ్యలో ఆగడానికి ఒక చదునైన మలుపు. స్థలం మిగలలేదని అంతకంటే నిటారుగా పోసిన ర్యాంపులు చాలా చూశాం. వాటి మీద వీల్‌చైరు ఎక్కించడానికి ఇద్దరు కావాలి, దింపడం ప్రమాదం. దీనికి మంచి ఉపాయం ఇల్లొక్కటే కాకుండా స్థలం మొత్తం మెరక చేయడం. మట్టి తోలించడానికి ఖర్చవుతుంది. అయినా ఇల్లూ తోటా ఒకే మట్టంలో ఉంటాయి, గడప దాటితే మొక్కలే. ఆ ఖర్చు భరించలేనివారు మెట్ట వైపు ఎర్రనేల చూసుకోవడం మేలు. అక్కడ అడుగున్నర బేస్‌మెంటుతో సరిపోయే స్థలాలు దొరుకుతాయి.

నల్లరేగడి అయితే మరో జాగ్రత్త. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పునాది తగినట్లు వేయకపోతే కొన్నాళ్లకు గచ్చు ఎగుడుదిగుడవుతుంది. కుర్రవాళ్లకు అది కనిపించదు, కాళ్లీడ్చి నడిచేవారికి తగులుతుంది. ఇంజనీరుకు ఇచ్చే ఫీజు దగ్గర పొదుపు చేయవద్దు.

లోపల

మండువా లోగిలి అందమే వేరు. కానీ మండువాలోకి దిగే మెట్టు, వాన పడితే జారే రాయి, గదిగదికీ ఎత్తు గడప పెద్దవారికి పనికిరావు. వెలుతురుకు మండువా పెట్టుకోండి, మట్టం మాత్రం ఒకటే ఉంచండి. గడప సింహద్వారానికి చాలు, దానికీ ముదురు రంగు వేయండి. బాత్రూముకు, వంటింటికి వద్దు. తలుపులు మూడడుగుల వెడల్పు ఉంటే వాకరు, వీల్‌చైరు పడతాయి. గచ్చుకు అద్దంలా మెరిసే టైల్సు కంటే నునుపు చేయని బేతంచర్ల బండ నయం.

బాత్రూము మంచానికి పది అడుగుల్లో ఉండాలి. వాస్తు పేరుతో దాన్ని ఇంటి ఆ చివరికి నెట్టిన ఇళ్లనుంచి మాకు పేషెంట్లు వస్తూనే ఉంటారు. విదేశాల్లో ఉన్న పిల్లలు ప్రేమతో కట్టించే డూప్లెక్సుల సంగతీ అంతే. పైన నాలుగు గదులు, కింద ఒక మూల తల్లిదండ్రులు.

తోటలో

నేల మీద మడులు కాకుండా రెండున్నర అడుగుల ఎత్తు ఇటుక తొట్లు కట్టించండి. కుర్చీలో కూర్చునే గోంగూర, తోటకూర, వంగ పెంచవచ్చు. నడవడానికి నాలుగడుగుల గట్టి బాట, ఇరవై అడుగులకొక అరుగు. వీధి వైపు కూడా ఒక అరుగు ఉండాలి. పలకరించేవారు లేని తోట త్వరగా విసుగు పుట్టిస్తుంది. మొక్కలు కడియం నర్సరీలనుంచి తెచ్చుకోవచ్చు. సలహా కావాలంటే తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది.

మధుమేహం ఉన్నవారు మట్టిలో ఉత్త కాళ్లతో దిగకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. ఎలుకలు తిరిగే బురదనీటిలో దిగితే లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు. వానాకాలంలో గమ్‌బూట్లు తప్పనిసరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన ప్రాంతంలో ఉన్నవే. కట్టెల మోపులు, ధాన్యం బస్తాలు పడకగది గోడకు ఆనించవద్దు. ఎలుక వచ్చిన చోటికే పాము వస్తుంది. దోమతెర వేసుకుని మంచం మీదే పడుకోవాలి. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, పసరు పోయడం చేయకండి. కాటు వేసిన భాగం కదలకుండా ఉంచి విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకురండి.

ఆసుపత్రి ఎంత దూరమన్నది కూడా స్థలం కొనేముందే చూసుకోవాలి. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. 2005నుంచి 108 బండి ఉంది, కానీ వానాకాలంలో మీ వీధి చివరిదాకా ఆ బండి రాగలదా? జూలైలో ఒకసారి, రాత్రిపూట, ఆ దారిలో వెళ్లి చూడండి.

ఇక పునాదులకు ముగ్గు పోసే రోజున ఒక పని చేయండి. ఆ ఇంట్లో ఉండబోయే అమ్మగారినో నాన్నగారినో తీసుకువెళ్లి, మంచం ఉండే చోటునుంచి బాత్రూముకు, అక్కడినుంచి మొక్కల దగ్గరకు ముగ్గు గీతల మధ్య చేతికర్రతో నడిపించండి. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ చెయ్యి చాపి ఆధారం వెతుక్కుంటారో చూసి, అక్కడ పట్టుకమ్మీ రావాలని మేస్త్రికి చెప్పి గుర్తు పెట్టించండి.