అడవి కూడా ఒక బఫరే

మా ఆత్మకూర్ దగ్గరే జూరాల, కృష్ణ తెలంగాణలోకి వచ్చాక మొదటి పెద్ద ప్రాజెక్టు. కట్టినప్పుడు నిల్వ 11.94 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలో 9.66 మాత్రమే. మిగతా జాగా ఒండ్రుది. కింద శ్రీశైలం ఇంకా ఘోరం: 308 నుంచి 215కి పడింది.

ఈ మట్టి పైనుంచి, చెట్లు పోయి దున్నిన నేలల నుంచి వస్తుంది. మన సీఎస్ఈ వాళ్లకి ఈజీగా అర్థమయ్యేది: అడవి ఒక బఫర్. ఆకులు చినుకు దెబ్బ ఆపుతాయి, వేళ్లు నేలను గుల్ల చేస్తాయి, నీళ్లు ఇంకి వాగులోకి మెల్లగా దిగుతాయి. బఫర్ తీసేస్తే వానంతా ఒకేసారి, మట్టితో సహా వచ్చి పడుతుంది. ఒక తిరకాసు ఉంది. చెట్లు కూడా నీళ్లు తాగుతాయి కాబట్టి, నరికిన కొత్తలో వాగు నీళ్లు పెరుగుతాయి! కానీ నేల గట్టిపడ్డాక వానాకాలంలో వరద, ఎండాకాలంలో ఇసుకే మిగులుతాయి.

ఇక చేపలు. బురద నీళ్లలో ఎండ లోపలికి దిగదు, నాచు పెరగదు, బొచ్చె పిల్లలకి మేత తగ్గుతుంది. ఒడ్డున నీడ పోతే నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ కూడా పడిపోతుంది. పైకొచ్చి గాలి పీల్చే కొర్రమీను ఎట్లనో తట్టుకుంటది, రవ్వకి ఆ సౌకర్యం లేదు.

2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లల్ని వదులుతోంది, మంచిదే. హరితహారం మొక్కలు మాత్రం నాకు రోడ్ల పక్కనే ఎక్కువ కనిపిస్తాయి. నన్నడిగితే ముందు వాగుల ఒడ్డున నాటాలి, మట్టి నీళ్లలో కలిసేది అక్కడే కదా.