తిండితో నిమ్మకాయ, టీకి కాస్త ఎడం

చెల్లెళ్లూ, ఈసారి మన ముచ్చట ఒక కాయ గురించి. దాని పేరు రోజ్‌హిప్. మన కోసిగిలో యాడా కాయదు, సంతలో దొరకదు. ఫోను తెరిస్తే మాత్రం అదే. మోకాళ్ల నొప్పికి రోజ్‌హిప్ పొడి, ముఖానికి రోజ్‌హిప్ నూనె, జలుబు రాకుండా రోజ్‌హిప్ టీ. చిన్న సీసాకే వందలకు వందలు. "కొనమంటావా అక్కా?" అని అడిగేవాళ్లు ఎక్కువైనారు. ఉత్తినే వద్దంటే మీరు ఊరుకోరు. దాంట్లో నిజమెంతో ముందు చూద్దాం.

గులాబీ పువ్వు చెట్టునే ఉండి రెక్కలు రాలిపోతే, అడుగున ఉబ్బి ఎర్రగా పండేదే ఈ కాయ. మనం మొగ్గ విచ్చీ విచ్చకముందే తెంపి జడలో పెట్టుకుంటిమి, దేవుడికి పెడితిమి. ఇంగ కాయ కాసేదెప్పుడు? చలిదేశాల్లో కంచెల పొంటి పెరిగే అడవి గులాబీలకు ఇవి గుత్తులు గుత్తులుగా కాస్తాయి. మన దేశంలో చూడాలంటే లడఖ్ లాంటి చలికొండలకు పోవాల. స్వీడన్‌లో దీంతో చారు కాచుకొని తాగుతారు. లోపల విత్తనాల చుట్టూ సన్నని నూగు ఉంటుంది. అది గొంతుకు తగిలితే ఒకటే దురద. అందుకే తీసేసో, బాగా వడగట్టో వాడతారు.

దీనికి పేరొచ్చింది యుద్ధకాలంలో. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు నారింజపండ్లు తెచ్చే ఓడలు రావడం కష్టమైంది. పిల్లలకు సి విటమిన్ లేకపోతే చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది, గాయాలు మానవు. అప్పుడు 1941లో సర్కారే చెప్పి బడిపిల్లల చేత, ఆడవాళ్ల చేత కంచెలమ్మటి ఈ కాయలు కోయించింది. వాటితో పానకం కాయించి పసిపిల్లలకు చెంచాలతో పట్టించారు. వాళ్లు తెలివైన పనే చేసినారు. పరాయి పండు అందకపోతే తమ కంచె మీదున్న కాయను చూసుకున్నారు. మనమేమో మన కంచె మీదున్నది వదిలేసి వాళ్ల కాయను డబ్బాలో తెప్పించుకుంటామంటున్నాం!

పచ్చి రోజ్‌హిప్ 100 గ్రాముల్లో సి విటమిన్ 400 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ సి విటమిన్‌కు ఎండ పడదు, వేడి పడదు, నిలవ పడదు. కాయను ఎండబెట్టి, పొడి కొట్టి, నెలల తరబడి డబ్బాలో ఉంచి, మళ్లీ మరిగే నీళ్లలో వేస్తే మిగిలేదెంత? ఇంకో సంగతి చెప్తా, నవ్వుకోండి. ఈ టీ పొట్లాల్లో చాలావాటిలో ఎర్రరంగు, పులుపు వచ్చేది రోజ్‌హిప్‌తో కాదు. దాంతోపాటు కలిపే ఎర్ర పుంటికూర చెట్టు కాయ రెక్కలతో!

ఇంగ మోకాళ్ల సంగతికొద్దాం. ఈ పొడి మీద పరిశోధనలు జరిగిన మాట నిజం. డెన్మార్క్ వాళ్లు ముందుండి చేసినారు. రోజుకు 5 గ్రాముల పొడి మూడు నాలుగు నెలలు ఇచ్చి చూస్తే కీళ్ల అరుగుదల నొప్పి కొద్దిగా తగ్గింది. మూడు పరిశోధనలను కలిపి 2008లో లెక్క కట్టినప్పుడు మొత్తం మనుషులు 287 మందే. వాటికి ఆ పొడి చేసే కంపెనీ సాయం కూడా ఉంది. అందుకని పనికిరాదనీ అనలేం, మోకాళ్లు బాగైపోతాయనీ అనలేం. కింద కూర్చొని లేచేది తగ్గించుకోవడం, బరువు తగ్గడం, తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం చేయడం, ఇవి ముందు చూసుకోవాల్సినవి. వాటికి రూపాయి ఖర్చు లేదు.

ఇంగ నూనె. రోజ్‌హిప్ విత్తనాల నూనెతో పొడిబారిన చర్మం మెత్తబడుతుంది, కాదనను. "దీంట్లో సి విటమిన్ నిండుగా ఉంది, ముఖం తెల్లబడుతుంది" అంటే మాత్రం నమ్మొద్దు. సి విటమిన్ నీళ్లలో కరిగేది తల్లీ, నూనెలో ఉండదు.

మరి మనకేముంది అంటారా? జనవరి వచ్చేసరికి గట్ల మీద, బీళ్లలో రేగుచెట్లు పండ్లతో వంగిపోతాయి. ఆ గుజ్జు 100 గ్రాముల్లో సి విటమిన్ 70 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. జామకాయలో 200 దాటుతుంది. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. మునగాకులో 100 పైనే. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 65 మిల్లీగ్రాములు. గర్భిణికి 80, పాలిచ్చే తల్లికి 115. ఇది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో చెప్పిన లెక్క. ఒక జామకాయ తింటే పాలిచ్చే తల్లికి కూడా ఆ రోజుకు సరిపోయినట్టే. 

భోగినాడు పిల్లలకు రేగుపండ్లు పోస్తాం కదా, ఆ కాస్తతో ఊరుకోవద్దు. ఆ కాలమంతా కడుక్కొని తినండి. పసిపిల్లల నోట్లోకి విత్తనం పోకుండా ఒక కన్నేసి ఉంచండి. బెల్లం, పచ్చిమిరపకాయ, ఉప్పు వేసి దంచి పెట్టే రేగొడియాలు నోటికి రుచే గానీ, ఎండలో ఎండేసరికి సి విటమిన్ చాలావరకు పోతుంది. చక్కెర జబ్బున్నవాళ్లు వాటి జోలికి పోకుంటేనే మేలు.

అసలు మాట ఇప్పుడు చెప్తా వినండి. మన ఆడవాళ్లకు ఉన్న పెద్ద కొరత రక్తం తక్కువ. 2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన ఆంధ్రలో అంతకంటే కొంచెం ఎక్కువే. "జొన్నరొట్టె తింటాం, ఆకుకూర తింటాం, శెనక్కాయలు తింటాం, మాకెందుకు తక్కువ?" అంటారు. వాటిలో ఇనుము ఉంది. కానీ మాంసంలోని ఇనుములా ఒంటికి తేలిగ్గా పట్టదు. గింజల్లోనే ఉండే కొన్ని పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. సి విటమిన్ ఉంటే ఆ పట్టు సడలి, ఇనుము పేగుల్లోంచి రక్తంలోకి పోతుంది. అయితే రెండూ ఒకే పూట తిండితో కడుపులో పడాల. పొద్దున ఎప్పుడో విటమిన్ మింగి రాత్రి రొట్టె తింటే, బస్సు పోయినాక స్టాండుకు పోయినట్టే.

అందుకే రొట్టె పక్కన పచ్చి ఉల్లిగడ్డతో పాటు నిమ్మబద్ద పెట్టుకోండి. పప్పు దించినాక నిమ్మకాయ పిండండి, పొయ్యి మీద ఉండగా వద్దు. సంగటి తిన్నాక సగం జామకాయ కొరకండి. చింతపండు పులుసు పోసుకుంటున్నాం కదా అనుకోవద్దు. చింతపండు పుల్లగా ఉన్నా అందులో సి విటమిన్ నామమాత్రమే.

ఇంగ మన టీ. ఉగ్గాని, బజ్జీ, వెంటనే వేడివేడి టీ, అదే కదా మన పద్ధతి? తిండితో పాటు టీ తాగితే గింజల్లోని ఇనుము ఒంటికి పట్టేది సగానికి పైగా పడిపోతుంది. టీ మానమని అనను, నేనూ మానలేను. తిన్న గంట తర్వాత తాగండి. అంతే.

ఇంకొక మాట వలస పోయేవాళ్లకు. పంట పనులు అయిపోతే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఎన్ని ఇండ్లకు తాళాలు పడతాయో మనకు తెలియనిది కాదు. గుంటూరు వైపు మిరపకోతలకు పోయి, గుడిసెల్లో ఉండి, అన్నం, నీళ్లచారు, రోజుకు నాలుగు టీలతో నెలలు గడుపుతారు. ఆ చేతుల్లో ఉండే మిరపకాయ మామూలుది కాదమ్మా. సి విటమిన్ ఏందో కనుక్కున్నందుకు 1937లో నోబెల్ బహుమతి పొందిన హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి, దాన్ని ఎక్కువ మొత్తంలో తీసింది మిరప జాతి కాయ పాప్రికాలోంచే! పచ్చిమిరపకాయ నూరి అన్నంలో కలుపుకున్నా కొంత దక్కుతుంది. కడుపుమంట ఉన్నవాళ్లకు అది పడదు, వాళ్లకు నిమ్మకాయే మేలు. పోయేటప్పుడు మూటలో నాలుగు నిమ్మకాయలు వేసుకోండి. కడుపుతో ఉన్నవాళ్లు పోకతప్పకపోతే ఐరన్ మాత్రలు ఆశా అక్క దగ్గర ముందే తీసుకొని పోండి.

ఆ మాత్రల సంగతి కూడా చెప్పేస్తా. గర్భిణికి 180 రోజులు, కాన్పయినాక ఇంకో 180 రోజులు రోజుకొకటి వేసుకోవాల. సర్కారు ఊరికే ఇస్తుంది. దొడ్డికి నల్లగా వస్తుందనీ, వికారమనీ చాలామంది మూలన పడేస్తారు. నల్లగా రావడం మామూలే, భయపడొద్దు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక కొంచెం ఆగి వేసుకోండి. నిమ్మకాయ నీళ్లతో మింగితే ఇంకా మంచిది. పాలతో, టీతో వద్దు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి.

మంచిదన్నాం కదా అని సి విటమిన్ మాత్రలు గుప్పెడు మింగేవాళ్లూ ఉంటారు. రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు ఎక్కువ మోతాదు ఇంకా ప్రమాదం. పండుగా తింటే ఆ బాధ రాదు.

కడాకు ఒకటే అడుగుతా. మీ రక్తం ఎంతుందో మీకు తెలుసా? పిల్లోడి మార్కులు తెలుసు, మొగుడి బీపీ తెలుసు, మీది మాత్రం తెలియదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12 ఉండాల, గర్భిణికి 11కు తగ్గకూడదు. ఎనిమిది లోపుకు దిగిందంటే నిమ్మకాయ, జామకాయ అనుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు, డాక్టరు దగ్గరికి పోవాల. ఈ వారంలోనే ప్రభుత్వాసుపత్రికి పోయి చూపించుకోండి. ఒక్కరే పోవడానికి బద్ధకమైతే పక్కింటి వదినను కూడా పిలుచుకొని పోండి, ఆమె కూడా చూపించుకొని ఉండదు. రోజ్‌హిప్ డబ్బాకు పెట్టాలనుకున్న దుడ్డుతో వచ్చేటప్పుడు ఇద్దరూ చెరో కిలో జామకాయలు తెచ్చుకోండి.