బ్రేకు జబ్బులు – గుర్తుపట్టే గుర్తులు



మన హాస్టల్ పిల్లల్లో సొంత కారు ఉన్నవాళ్లు తక్కువ. కానీ కారో, ఆటోనో, ట్రాలీయో కిరాయికి నడిపి పిల్లల్ని చదివించే నాన్నలు, అన్నలు చాలామందే ఉన్నారు. నవీపేట్ సంతకు మేకలను తెచ్చే బండ్లు, నిజామాబాద్ యార్డుకు పసుపు బస్తాలు మోసే బండ్లు, బాసరకు భక్తులను తీసుకుపోయే కార్లు అన్నీ బ్రేకు మీద నమ్మకంతోనే కదులుతాయి. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేను. చదివిన భౌతికశాస్త్రం ఇలాంటి ఇళ్లకు పనికిరావాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బ్రేకు ఎలా పనిచేస్తుంది?

కారు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేకు ఆయిల్ మీద ఒత్తిడి పడుతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. మీరు చదివే పాస్కల్ నియమం ఇదే. ఆ ఒత్తిడి చక్రాల దగ్గర ప్యాడ్లను డిస్కుకు, షూలను డ్రమ్ముకు అదుముతుంది. రాపిడితో బండి గతిశక్తి వేడిగా మారుతుంది. బరువు రెట్టింపైతే గతిశక్తి రెట్టింపు, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు! అందుకే ఎక్కువ మందిని ఎక్కించుకున్న బండికి మంచి బ్రేకు కూడా చాలదు.

జబ్బులు – కారణాలు

1. పెడల్ మెత్తగా, స్పంజిలా ఉంటే: ఆయిల్ పైపుల్లో గాలి చేరింది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. మెకానిక్‌తో గాలి తీయించాలి.

2. తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగితే: ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు పోయాయి. ఇక బండి కదపకూడదు.

3. పెడల్ రాయిలా గట్టిగా ఉంటే: బూస్టర్ పనిచేయడం లేదేమో. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. తొక్కి పట్టుకునే ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే.

4. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగితే: ముందు టైర్లలో గాలి చూడండి. అది సరిగా ఉంటే ఒక చక్రం కాలిపర్ పట్టేసి ఉండవచ్చు, లేదా ప్యాడ్ మీద ఆయిల్ పడి ఉండవచ్చు.

5. కీచుమని చప్పుడు వస్తే: ప్యాడ్లు అరిగే దశకు వచ్చి ఉండవచ్చు. గరగరమంటే ఇనుమును ఇనుము రాస్తోంది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కు దాకా పోతుంది.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్‌లో అదేపనిగా బ్రేకు తొక్కితే ఆయిల్ మరిగి బుడగలు లేస్తాయి, పెడల్ ఉత్తగా పోతుంది. అందుకే సుమారు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి.

లైట్లు ఏం చెబుతాయి?

తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందనో, ఎవరో తీసేశారనో అర్థం.

వలయంలో ఆశ్చర్యార్థకం ఉన్న ఎర్ర లైటు: ముందు హ్యాండ్ బ్రేకు దించారా చూడండి. దించినా వెలుగుతుంటే డబ్బాలో ఆయిల్ తగ్గి ఉంటుంది. ప్యాడ్లు అరిగినా ఆయిల్ మట్టం తగ్గుతుంది, ఎక్కడైనా కారినా తగ్గుతుంది. కారణం చూడకుండా ఆయిల్ పోసి ఊరుకోవడం జ్వరం చూడకుండా థర్మామీటర్ దాచడమే.

పసుపు రంగు ఏబీఎస్ లైటు: మామూలు బ్రేకు ఉంటుంది కానీ, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారవచ్చు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అత్యవసరంలో అది పనిచేస్తున్నప్పుడు పెడల్ అదురుతుంది. భయపడి కాలు తీయకండి.

రెండూ కలిసి వెలిగితే బండి పక్కకు ఆపాల్సిందే.

బ్రేకు పడకపోతే?

పెడల్‌ను గబగబా తొక్కుతూ వదలండి. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగండి. హారన్ కొడుతూ ఉండండి. ఇంజన్ ఆపవద్దు, స్టీరింగ్ బిగుసుకుంటుంది. దిగుడు రోడ్డులో న్యూట్రల్ ఎప్పుడూ వద్దు.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లు మన ఇళ్లలాంటి ఇళ్లవాళ్లే. బస్సు బ్రేకులు ఆయిల్‌తో కాక గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. కానీ బరువు, వాలు, వేగం లెక్క ఏ బండికైనా ఒక్కటే.

ఒక్కరోజు కిరాయి పోతుందని రిపేరును వాయిదా వేసే ఇళ్లు మనవి. ఆ కష్టం నాకు తెలుసు. అయినా ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. తాళం తిప్పి లైట్లు చూడండి, డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి, పెడల్ తొక్కి చూడండి. ఏదైనా తేడా ఉంటే నాన్నకు కారణంతో సహా చెప్పండి. చదువుకున్న బిడ్డ మాట వింటారు!

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)